మా పిల్లల్ని పరాయి దేశం పంపుతున్న సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

గుంటూరు, విజయవాడల నుంచి యువతీ యువకులను విదేశాలకు సువార్త యాత్రలకు పంపుతున్న సంఘ పెద్దలకు, పాస్టర్ గార్లకు, మిషన్ కమిటీ సభ్యులకు

ప్రభువు నామంలో వందనాలు.

నేను గుంటూరులో ఒక ప్రైవేట్ స్కూల్లో సోషల్ టీచర్ని. పదహారేళ్లుగా మా సంఘంలో సండే స్కూల్ చెబుతున్నాను. 2024 వేసవి సెలవుల్లో మీలో ఒక కమిటీ తరఫున పదిమంది పిల్లల్ని నేపాల్ తీసుకెళ్లిన టీమ్ లీడర్ని నేనే. ఆ కమిటీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్కరిని బజారుకీడ్చాలని నాకు లేదు. ఇలా పంపుతున్నవాళ్లు మన రెండు ఊళ్లలో ఇంకా ఉన్నారు, వాళ్లందరూ ఇది చదవాలి.

తిరిగొచ్చాక జూన్‌లో జరిగిందంతా నాలుగు పేజీల్లో రాసి కమిటీ పెద్దల చేతికిచ్చాను. ఆగస్టులో అదే ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. నవంబర్‌లో స్వయంగా వెళ్లి కూర్చున్నాను. "ప్రార్థనలో పెడదాం అమ్మా" అన్నారు. ఆ తర్వాత ఒక్క ఫోన్ రాలేదు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మాత్రం, వచ్చే డిసెంబర్‌లో ఇరవై మంది పిల్లలతో ఇంకో టీమ్ వెళ్తుందని, పేర్లు ఇవ్వమని ప్రకటించారు. ఇక లోపల్లోపల అడిగితే లాభం లేదని ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

నేను మిషనరీ సేవకు వ్యతిరేకిని కాను. నేను పుట్టింది గుంటూరు కుగ్లర్ మిషన్ ఆసుపత్రిలో. మా నాయనమ్మ అక్షరాలు నేర్చుకుంది మిషన్ బడిలో. 1842 జూలై 31న అమెరికా మిషనరీ హేయర్ గారు గుంటూరు వచ్చారని ప్రతి ఏటా మనం చెప్పుకుంటాం. ఆయన బయలుదేరే ముందు ఏం చేశారో చెప్పుకోం. అప్పటికే ఆయన ఎన్నో ఏళ్లు పాస్టరుగా చేసినవారు. అయినా బాల్టిమోర్‌లో సంస్కృతం, వైద్యం చదువుకుని, ఆ తర్వాతే 1841లో బోస్టన్‌లో ఓడ ఎక్కారు. ఇక్కడికి వచ్చేనాటికి ఆయనకు 49 ఏళ్లు. అమెరికా నుంచే మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ గారు 1883లో వచ్చారు, ఆమె ఆసుపత్రి తెరిచింది 1898లో. మధ్యలో పదిహేనేళ్లు ఆమె ఈ ఊరి ఆడవాళ్ల మధ్య తిరిగారు, వాళ్ల మాట నేర్చుకున్నారు. అలాంటి మనుషుల సేవ అందుకున్న ఊరు మనది. మనం మన పిల్లలకు ఇచ్చిన శిక్షణ ఎంత? మూడు శనివారాలు, సాయంత్రం పూట, విజయవాడలో ఒక హాల్లో. రెండు నేపాలీ పాటలు, ఒక యాక్షన్ సాంగ్, ఒక స్కిట్, సాక్ష్యం ఎలా చెప్పాలో పది నిమిషాలు. అంతే.

జరిగింది వరుసగా చెబుతాను.

1. చట్టం గురించి ఎవరూ చెప్పలేదు.

నేపాల్ వెళ్లడానికి మనకు వీసా అక్కర్లేదు. దాంతో అక్కడి చట్టం కూడా మనకు పట్టదు అన్నట్టు అందరం ప్రవర్తించాం. ఆ దేశ రాజ్యాంగం 2015లో వచ్చింది. అందులో 26వ అధికరణం ఎవరి మతం వాళ్లు ఆచరించుకోవచ్చు అంటుంది, ఇతరుల మతం మార్చకూడదు అని కూడా అంటుంది. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతిలో 158వ సెక్షన్ ఉంది. మతం మార్చడం, మార్చే ప్రయత్నం చేయడం, అందుకు సాయపడడం, ఆ ఉద్దేశంతో ప్రచారం చేయడం, అన్నీ నేరమే. ఐదేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా. విదేశీయులైతే శిక్ష అనుభవించాక ఏడు రోజుల్లో దేశం దాటిస్తారు. ఇదంతా నేను ఇంటికి వచ్చాక చదివాను. సోషల్ టీచర్ని అయి ఉండి కూడా వెళ్లే ముందు చదవలేదు. పిల్లల బాధ్యత నెత్తిన వేసుకుని ఇది చదవకపోవడం నా తప్పు. పదిమంది తల్లిదండ్రుల ముందూ ఒప్పుకున్నాను, ఇక్కడా ఒప్పుకుంటున్నాను.

మా బ్యాగుల్లో మీరు పెట్టించిన 2,000 నేపాలీ కరపత్రాలు ఉన్నాయి. నాలుగో రోజు ఇద్దరు కుర్రాళ్లు బస్టాండ్‌లో వాటిని పంచుతుంటే పోలీసులు తీసుకెళ్లారు. ఒకడికి ఇరవై ఏళ్లు, ఇంకొకడికి పంతొమ్మిది. ఆరు గంటలు స్టేషన్‌లో కూర్చోబెట్టారు. కొట్టలేదు, తిట్టలేదు, ఆ మాట చెప్పి తీరాలి. కానీ వాళ్లకు హిందీ సరిగా రాదు, నేపాలీ అసలు రాదు. అడిగిన ప్రతిదానికీ తలూపారు. చివరికి మాకు బస ఇచ్చిన అక్కడి పాస్టర్ గారు వచ్చి, ఇక ఇలా జరగదని కాగితం మీద సంతకం పెట్టి విడిపించారు. మేము తిరిగొచ్చేశాం. ఆయన సంతకం ఆ స్టేషన్‌లోనే ఉంది.

2. ఫొటోలు.

నాకు రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వనిది ఇదే. ఒక సాయంత్రం ఇరుగుపొరుగు ఆడవాళ్లు కొందరు టీ తాగడానికి వచ్చి మా పిల్లల పాటలు విన్నారు. చివర్లో ప్రార్థన చేస్తే వాళ్లూ మర్యాదకు తల వంచారు. ఎప్పటిలాగే ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాం. అదే రాత్రి కమిటీవాళ్లు ఆ ఫొటోను ఊరి పేరుతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టారు. కింద "14 మంది రక్షించబడ్డారు" అని, అంటే క్రీస్తును నమ్ముకున్నారని రాశారు. ఎవరూ బాప్తిస్మం తీసుకోలేదు. ఎవరూ అడగలేదు కూడా.

జూన్‌లో అక్కడి పాస్టర్ గారు మెసేజ్ పంపారు. ఆ ఫొటో తిరిగి తిరిగి వాళ్ల ఊరికే చేరింది. సంఘం ఆరాధనకు కూడుకునే గదిని ఇంటి ఓనరు ఖాళీ చేయించాడు. ఐదు కుటుంబాలు రావడం మానేశాయి. ఫొటోలో ముందు వరసలో ఉన్న ఒకావిడ కూతురికి కుదిరిన పెళ్లి సంబంధం తప్పిపోయింది. ఆవిడ టీ తాగడానికి వచ్చిన మనిషి. ఆ ఫొటో తీసేయమని నేను అడిగాక, తీయడానికి ఐదు వారాలు పట్టింది. ఈలోపు అది 2025 క్యాలెండర్‌లో అచ్చయింది. గుంటూరులో ఎన్నో ఇళ్ల గోడల మీద ఈరోజుకీ ఆవిడ ముఖం వేలాడుతోంది.

మేం వెళ్లిన ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. కారణం ఇదే.

3. జబ్బు చేస్తే దిక్కు లేదు.

టీమ్‌లో ఒక అమ్మాయి, డిగ్రీ రెండో సంవత్సరం. వాళ్లమ్మ మిర్చి తొడాలు తీసే పనికి వెళ్తుంది. తండ్రి లేడు. తొమ్మిదో రోజు రాత్రి ఆ అమ్మాయికి కడుపునొప్పి మొదలైంది. తెల్లవారేసరికి నిలబడలేకపోయింది. జీపులో మూడు గంటలు కొండ దిగి ఆసుపత్రికి చేర్చాం. అపెండిసైటిస్, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. నేపాలీ రూపాయల్లో 80,000 అయింది, అంటే మన డబ్బు 50,000.

ట్రావెల్ ఇన్సూరెన్స్ లేదు. నా చేతిలో ఉన్నది తిరుగు ప్రయాణం ఖర్చులు మాత్రమే. కమిటీ పెద్దల్లో ముగ్గురికి కలిపి పదకొండుసార్లు ఫోన్ చేశాను. ఒకరు ఎత్తి, మీటింగ్‌లో ఉన్నాను, ప్రార్థిస్తాం అన్నారు. మిగతా ఇద్దరూ ఎత్తలేదు. ఆ రోజు డబ్బు కట్టింది ఎవరో తెలుసా? అక్కడి పాస్టర్ గారి భార్య. చేతి గాజులు రెండు తాకట్టు పెట్టి తెచ్చింది. ఆమెతో నాకున్న భాష "జై మసీహ్" అనే పలకరింపు ఒక్కటే.

గుంటూరులో ఆ అమ్మాయి తల్లి విషయం తెలియగానే డ్వాక్రా గ్రూపులో కొంత, బయట వడ్డీకి కొంత తెచ్చి 50,000 పంపింది. గాజులు విడిపించాం. ఇప్పుడు ఆ తల్లి నెలనెలా వాయిదా కడుతోంది. ఎండాకాలం మిర్చి ఘాటులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని సంపాదించే డబ్బు అది. మీ మీద ఒక్క మాట అనలేదు ఆవిడ. "దేవుని పని మీద వెళ్లింది కదమ్మా" అంది నాతో. ఆవిడ అలా అన్నదని మీరు మౌనంగా ఉండిపోవడం న్యాయం కాదు.

కుట్లతో ఉన్న పిల్లని బస్సులో తీసుకురాలేక, కాఠ్మాండూ నుంచి విమానంలో తెద్దామని ప్రయత్నించాను. ఆ అమ్మాయి దగ్గర ఉన్నది ఆధార్ కార్డు ఒక్కటే. "ఆధార్ చాలు" అని మీరే చెప్పారు. నేపాల్‌కు విమాన ప్రయాణానికి పాస్‌పోర్టైనా ఉండాలి, ఓటర్ కార్డైనా ఉండాలి. ఆ వయసు వాళ్లకు ఆధార్ చెల్లదు. మిగతా పిల్లల్ని ఇద్దరు పెద్ద కుర్రాళ్లకు అప్పగించి ముందు పంపేశాను. వాళ్లు మే 13 ఎన్నికల లోపు ఇల్లు చేరారు. నేను ఆ అమ్మాయితో ఆ పాస్టర్ గారింట్లో ఇంకో తొమ్మిది రోజులు ఉండి, సోనౌలి సరిహద్దు దాటి, గోరఖ్‌పూర్‌లో రైలెక్కి, దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని విజయవాడ చేర్చాను.

4. లెక్కలు.

ఒక్కొక్క పిల్ల దగ్గర 28,000 రూపాయలు తీసుకున్నారు. పదిమందికి 2,80,000. నా నోట్‌బుక్‌లో రాసుకున్న ప్రకారం ఆసుపత్రి కాకుండా మొత్తం ఖర్చు 1,52,400. మిగిలిన 1,27,600 ఏమైందని అడిగితే జవాబు లేదు. ఎవరో తిన్నారని నేను అనడం లేదు, నాకు తెలియదు. ఆ అమ్మాయి ఆపరేషన్ టేబుల్ మీద ఉన్నప్పుడు ఆ డబ్బు ఎక్కడో ఉంది, మాకు అందలేదు. నేను అడిగేది దాని గురించి.

ఇంకో సంగతి నేను చూసింది కాదు, నా దగ్గర చదువుకున్న కుర్రాడు చెప్పింది. వేరే కమిటీ వాణ్ని టూరిస్ట్ వీసా మీద ఒక ఆఫ్రికా దేశానికి సేవకు పంపింది. తిరిగొచ్చాక వాడి పాస్‌పోర్ట్ "మా దగ్గర భద్రంగా ఉంటుంది" అని ఆరు నెలలు బీరువాలో పెట్టుకున్నారు. ఈలోపు వాడికి వచ్చిన ఒక ఉద్యోగ అవకాశం పోయింది. 1967 పాస్‌పోర్ట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్ట్ కేంద్ర ప్రభుత్వ ఆస్తి. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసే హక్కు ఏ కమిటీకీ లేదు.

ఇదంతా చదివి, అయితే ఆ యాత్రలో మంచి ఏమీ జరగలేదా అని ఎవరైనా అడగవచ్చు. జరిగింది. అక్కడ సంఘాలు శనివారం కూడుకుంటాయి, వాళ్లకు సెలవు ఆ రోజే. చెప్పులు బయట విడిచి, మన పల్లెటూరి మందిరాల్లో లాగే ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు చాప మీద కూర్చుంటారు. అది చూసి మా పిల్లలు మన ఊళ్లో ఉన్నట్టే ఉందన్నారు. ఊరికి నీళ్లు కింద ధార నుంచి మోసుకు రావాలి. మా కుర్రాళ్లు ఎవరూ చెప్పకుండానే పొద్దున్నే లేచి ముసలివాళ్ల ఇళ్లకు నీళ్లు మోశారు. నర్సింగ్ చదివే అమ్మాయి రోజూ సాయంత్రం బీపీ చూసేది, మందులు ఎలా వేసుకోవాలో సైగలతో చెప్పేది. వెళ్లేటప్పుడు ఒక తాత మా కుర్రాళ్లలో ఒకడి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కరపత్రాలు పంచినప్పుడు పోలీసులు వచ్చారు, నీళ్లు మోసినప్పుడు ఊరు దగ్గరికి వచ్చింది. మా పిల్లలకు ఆ తేడా వాళ్లంతట వాళ్లే తెలిసింది.

ఆ దేశంలో సేవకు దారే లేదని కూడా ఎవరూ అనుకోవద్దు. యునైటెడ్ మిషన్ టు నేపాల్ అనే క్రైస్తవ సేవా సంస్థ 1954 నుంచి అక్కడ పనిచేస్తోంది. ప్రభుత్వంతో ఒప్పందం రాసుకుని, మత ప్రచారం చేయకూడదన్న షరతుకు ఒప్పుకుని, ఆసుపత్రులు నడిపింది. అది దొడ్డిదారి కాదు. అడిగి, అనుమతి తీసుకుని, మాట మీద నిలబడి చేసిన పని.

పెద్దలు నిర్లక్ష్యం చేస్తే ఎక్కడిదాకా వెళ్తుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2007 జూలైలో దక్షిణ కొరియా నుంచి ఒక చర్చి టీమ్ ఆఫ్ఘనిస్థాన్ వెళ్లింది. 23 మందిని తాలిబన్లు బందీలుగా పట్టుకున్నారు. టీమ్‌ను నడిపిన పాస్టర్‌నీ, ఇంకొకరినీ చంపేశారు. మిగతా 21 మందిని విడిపించడానికి కొరియా ప్రభుత్వం నేరుగా మాట్లాడాల్సి వచ్చింది, ఇకపై ఆ దేశానికి మిషనరీలను పంపనివ్వబోమని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ టీమ్‌లోనూ ఎక్కువమంది సేవ చేద్దామని వెళ్లిన యువతే. మన పిల్లలు వెళ్లేది అంత ప్రమాదమైన చోటుకి కాకపోవచ్చు. కానీ పోలీస్ స్టేషన్‌లో ఆ ఇద్దరు పిల్లల కోసం బయట నిలబడ్డ ఆరు గంటలూ నా కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. మీరు అక్కడ లేరు.

మీకు మా అభ్యర్థనలు ఇవి. అభ్యర్థన అంటున్నాను, కానీ వీటిలో ఏదీ వదులుకునేది కాదు.

1. డిసెంబర్ టీమ్‌ను ఆపండి. కింద చెప్పినవన్నీ పూర్తయ్యాకే తేదీ పెట్టండి. టికెట్లు బుక్ చేశాం అనేది కారణం కాదు.

2. ఆ అమ్మాయి తల్లికి 50,000 రూపాయలూ, ఇప్పటిదాకా ఆవిడ కట్టిన వడ్డీ, నెల రోజుల్లో ఇవ్వండి. కానుక అని వేదిక మీద పిలిచి, శాలువా కప్పి, ఫొటో తీసి కాదు. ఇంటికి వెళ్లి, క్షమించమని అడిగి ఇవ్వండి.

3. 2024 యాత్ర జమాఖర్చులు పదిమంది తల్లిదండ్రులకూ రాతపూర్వకంగా చూపించండి.

4. ఏ దేశానికి పంపినా అక్కడి చట్టం తెలుగులో రాయించి, పిల్లలూ తల్లిదండ్రులూ కూర్చున్నప్పుడు చదివి వినిపించండి. కరపత్రాలు, బాప్తిస్మాలు నేరమైన చోట ఆ పని పిల్లల చేత చేయించవద్దు. అక్కడి సంఘం రాతపూర్వకంగా పిలిస్తేనే వెళ్లాలి, వాళ్లకు ఏం కావాలో ముందు వాళ్లనే అడగాలి.

5. ప్రతి ఒక్కరికీ ఇన్సూరెన్స్ ఉండాలి. టీమ్ లీడర్ చేతిలో అత్యవసర ఖర్చుకు విడిగా డబ్బు ఉండాలి. ఏ అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తే మనిషి ఒకరు ఇక్కడ ఉండాలి, ఆ పేరు ముందే రాసి ఇవ్వాలి.

6. చేసే పనికి తగిన వీసా ఉండాలి. పాస్‌పోర్ట్ పిల్లల చేతిలోనే ఉండాలి.

7. అక్కడి సంఘం ఒప్పుకోకుండా ఒక్క ఫొటో కూడా బయట పెట్టవద్దు, ఊరి పేరు అసలే వద్దు. 2025 క్యాలెండర్‌లోని ఆ పేజీ గురించి వచ్చే ఆదివారమే ఆరాధనలో చెప్పి, ఇళ్లలో ఉన్నవి చింపేయమని అడగండి. ఆ "14 మంది" మాట అబద్ధమని కూడా అప్పుడే చెప్పండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మీ అబ్బాయో అమ్మాయో యూత్ మీటింగ్ నుంచి కన్నీళ్లతో వచ్చి "నేను వెళ్తానమ్మా" అంటే, సేవ చేయాలన్న వాళ్ల భారాన్ని తక్కువ చేసి మాట్లాడకండి. అది నిజమైనదే. నేను చూశాను. కానీ డబ్బు కట్టే ముందు కమిటీని అడగండి: అక్కడ జబ్బు చేస్తే ఎవరు కడతారు? పోలీసులు పట్టుకుంటే ఎవరు వస్తారు? ఎవరి నంబర్‌కి ఫోన్ చేయాలి? నోటితో చెబితే చాలదు, కాగితం మీద తీసుకోండి. కాగితం ఇవ్వలేమంటే, బంగారం తాకట్టు పెట్టకండి.

నేపాల్‌లో ఆ పాస్టర్ గారు ఇప్పుడు ఇంకో ఊళ్లో, తన బంధువుల ఇంట్లో పది మందితో కూడుకుంటున్నారు. మొన్న క్రిస్మస్‌కి ఆయన్ని పలకరిస్తే, "పిల్లలు బాగున్నారా? ఆ అమ్మాయికి కుట్లు మానాయా?" అని అడిగారు. మీలో ఎవరూ నన్ను ఆ ప్రశ్న ఇంతవరకూ అడగలేదు.

ఈ లేఖ అందిన ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి. రాకపోతే డిసెంబర్ టీమ్‌కి పేర్లు ఇచ్చిన ప్రతి ఇంటికీ నేనే వెళ్లి, ఇక్కడ రాసినవన్నీ నోటితో చెబుతాను.

ఇట్లు,
2024 నేపాల్ టీమ్ లీడర్,
గుంటూరు

దీనితో పాటు టీమ్‌లోని ఏడుగురు పిల్లల తల్లిదండ్రుల సంతకాలు జత చేశాను. ఏడోది సంతకం కాదు, వేలిముద్ర. అది ఆ అమ్మాయి తల్లిది.